నాచు తినే చేపపిల్లలకు ఏ మేత పెట్టాలి? ఐదు రకాల పోలిక

అక్వేరియం గాజుకు అతుక్కుని రోజంతా నోరు ఆడిస్తూనే ఉంటుంది కాబట్టి, నాచు తినే చేపకు తిండికి లోటు లేదనే అనుకుంటాం. పిల్లల విషయంలో ఈ నమ్మకమే వాటి ప్రాణం మీదికి తెస్తుంది. శుభ్రంగా తుడిచిన గాజు మీద నోరు ఎంత ఆడించినా కడుపులోకి వెళ్లేదేమీ ఉండదు. కొత్తగా తెచ్చిన ఒటోసింక్లస్ చేపలు రెండు మూడు వారాల్లో ఒక్కొక్కటే చనిపోతుంటే, పుట్టిన గుహలోంచి బయటికొచ్చిన బ్రిసిల్‌నోజ్ ప్లెకో అనే చేప పిల్లలు రోజురోజుకీ తగ్గిపోతుంటే, మందుల కోసం వెతికే ముందు వాటి కడుపు వైపు చూడండి. చాలాసార్లు జబ్బు పేరు ఆకలే.

సలహా అడిగితే ఒకరు వేఫర్లు (అడుగుకు మునిగే బిళ్లల మేత) వేయమంటారు, ఒకరు కీరా ముక్క చాలంటారు, ఇంకొకరు రాళ్ల మీద నాచు పెంచుకోమంటారు. అందరూ తమ ట్యాంకులో పనిచేసిందే చెబుతారు. అది మీ చేపకు, మీ ట్యాంకుకు, మీకున్న టైముకు సరిపోతుందా అన్నది విడిగా చూసుకోవాలి.

## ముందు మీ చేప ఏదో తేల్చుకోండి

"ఆల్గీ ఈటర్" అన్న ఒక్క పేరు కింద అలవాట్లు అస్సలు కలవని చేపల్ని అమ్ముతారు.

ఒటోసింక్లస్, అంటే ఓటోలు, పెద్దయినా నాలుగు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం నదుల్లో పట్టినవే. దారిలో రోజుల తరబడి పస్తులుండి వస్తాయి. వేఫర్ అనేది వాటికి తిండిలాగే తోచదు. ఈ గుంపులో అన్నిటికన్నా కష్టమైన చేప ఇదే.

బ్రిసిల్‌నోజ్ ప్లెకో పిల్లలు ట్యాంకుల్లోనే పుట్టి పెరుగుతాయి. దాదాపు ఏది పెట్టినా తింటాయి. వాటితో వచ్చే సమస్య పరిమాణం: ఒక్క కాన్పులో పదుల సంఖ్యలో పుడతాయి, అన్నీ ఒకేసారి ఆకలిగా ఉంటాయి. మామూలు ప్లెకో పిల్ల కూడా చిన్నప్పుడు ఇలాగే తింటుంది, కానీ అది 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుందని గుర్తుంచుకుని తెచ్చుకోండి.

సయామీస్ ఆల్గీ ఈటర్ లెక్క వేరు. అది ఈదుతూ తిరిగే చురుకైన చేప. దారాల్లాంటి నాచునీ, మిగతావి ముట్టని నల్ల గడ్డం నాచునీ తింటుంది. దాని విషయంలో టెన్షన్ ఇంకో రకం, చివర్లో చెబుతాను. చైనీస్ ఆల్గీ ఈటర్ పేరు దగ్గరగా ఉన్నా పూర్తిగా వేరే చేప. పెద్దయ్యాక నాచు మీద ఆసక్తి తగ్గి, పక్క చేపల ఒంటి మీది జిగురు పీల్చడానికి వెంటపడుతుంది. మేత మార్చి ఆ గుణాన్ని మాన్పించలేం.

నోరు కింద ఉన్నంత మాత్రాన ప్రతి ప్లెకో నాచు తినేదీ కాదు. జీబ్రా ప్లెకో ప్రధానంగా మాంసాహారి. దానికి కీరా ముక్క పెట్టి ఎదురుచూస్తే లాభం లేదు.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

ప్యాకెట్ మీద ప్రొటీన్ ఎంతో చూడటం కన్నా ముందు నేను చూసేది ఒకటుంది: ఆ మేత నీళ్లలో ఎంతసేపు తినదగ్గట్టుగా నిలుస్తుంది?

నాచు తినే చేపల పేగు చాలా పొడవు, చుట్టలు చుట్టుకుని కడుపంతా నిండి ఉంటుంది. నాచులో బలం తక్కువ కాబట్టి కొద్దికొద్దిగా, ఎప్పుడూ తింటూ ఉండేలా ఆ ఒళ్లు తయారైంది. మేకల్లాగే ఇవి మేసే జీవులు. సెంటీమీటరు పొడవున్న పిల్లకు ఒంట్లో నిల్వ ఉండే కొవ్వు దాదాపు ఏమీ ఉండదు. సాయంత్రం కడుపునిండా పెట్టి మర్నాడు సాయంత్రం దాకా ఏమీ లేకుండా వదిలేస్తే నిలదొక్కుకోలేదు. నియాన్ టెట్రాలకు పనికొచ్చే "రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంత" అన్న సూత్రం వీటికి పనికిరాదు.

రెండోది, అది నోటికి అందడం. ఈ పిల్లలు కొరకవు, గీరతాయి. గట్టి ముక్క పక్కనే ఉన్నా గీరడానికి మెత్తటి పైపొర లేకపోతే ఉపయోగం లేదు. మూడోది ఎదగడానికి కావాల్సిన బలం. నాలుగోది నీళ్లు. ఎప్పుడూ మేత ఉండాలంటే ఎప్పుడూ ఏదో ఒకటి కుళ్లే అవకాశం ఉన్నట్టే. కుళ్లిన మేత నుంచి పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా దాటితే ముందు దెబ్బతినేది పిల్లలే. చివరగా మీ ఓపిక.

| మేత | నీళ్లలో నిలిచేది | చిన్న నోటికి అందడం | ఎదుగుదలకు బలం | నీళ్లు పాడయ్యే ప్రమాదం | మీకు పని |
|---|---|---|---|---|---|
| రాళ్ల మీది నాచు, ఆకుల మీది బయోఫిల్మ్ (జిగట పొర) | తినేసేదాకా | చాలా బాగా | మధ్యస్థం | దాదాపు లేదు | ముందునుంచే ఏర్పాటు కావాలి |
| ఉడికించిన కూరగాయలు | 12 నుంచి 24 గంటలు | బాగా | తక్కువ | ముక్క మర్చిపోతే ఎక్కువ | రోజూ కొద్దిగా |
| జెల్ మేత | దాదాపు ఒక రోజు | బాగా | ఎక్కువ | తక్కువే | అప్పుడప్పుడు కొంచెం ఎక్కువ |
| వేఫర్లు | కొన్ని గంటలు | మెత్తబడ్డాకే | ఎక్కువ | ఎక్కువ | దాదాపు లేదు |
| పొడి మేత | నిమిషాలు, రాయికి పూస్తే గంటలు | బాగా | రకాన్ని బట్టి | ఎక్కువ | రోజూ |

## రాళ్ల మీది నాచు, ఆకుల మీది బయోఫిల్మ్

ఓటోలకైతే మొదటి మాటా చివరి మాటా ఇదే. మిగతా మేతలన్నీ దీని తర్వాతే.

అరచేతిలో పట్టే నున్నటి గులకరాళ్లు తీసుకోండి. ముందు వెనిగర్ చుక్క వేసి చూడండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టే, నీళ్ల కాఠిన్యం పెంచుతుంది, వద్దు. మంచి రాళ్లని లోతు తక్కువ ఉన్న తొట్టిలో పరిచి, ట్యాంకు నీళ్లు మార్చినప్పుడు తీసిన పాత నీళ్లు పోయండి. ఆ నీళ్లలో ఉండే నైట్రేట్, ఫాస్ఫేటే నాచుకు ఎరువు. బాగా వెలుతురు తగిలే చోట పెడితే వారం, రెండు వారాల్లో రాళ్లకు రంగు వస్తుంది. ట్యాంకులోకి రాళ్లే వెయ్యాలి, ఆ తొట్టి నీళ్లు కలపకూడదు. రెండు తొట్లు పెట్టుకుంటే ఒకటి ట్యాంకులో మేతగా ఉండగా రెండోది తయారవుతుంది.

రాయి సిద్ధమైందా లేదా అన్నది వేలితో చూడాలి. బొటనవేలితో రుద్దితే గోధుమ రంగో, లేత ఆకుపచ్చో మెత్తగా వేలికి అంటుకుని, రుద్దిన చోట రాయి అసలు రంగు బయటపడాలి. అదే పిల్లల నోటికి అందే పొర. గోరు పెట్టి గీకితే తప్ప ఊడని గట్టి ఆకుపచ్చ చుక్కలు ఓటోలు గీరలేవు. నీలి ఆకుపచ్చ రంగులో పొరలు పొరలుగా లేచిపోతూ కుళ్లు వాసన వేస్తే అది నాచు కాదు, నాచులా కనిపించే సయనోబ్యాక్టీరియా అనే బ్యాక్టీరియా. ఆ రాయి కడిగేసి మళ్లీ మొదలుపెట్టండి.

రాళ్లు పెంచే చోటు లేనివాళ్లకు ఎండిన బాదం ఆకులు మంచి దారి. మందు కొట్టని చెట్టు నుంచి తనంతట తాను రాలి ఎండిన ఆకులే తీసుకోవాలి. వేడినీళ్లలో నానబెడితే మునుగుతాయి. కొన్ని రోజులకు పైన జిగటగా పల్చటి పొర పడుతుంది. బ్యాక్టీరియా, బూజు, సూక్ష్మజీవులు కలిసిన బయోఫిల్మ్ అది. పిల్లలు ముందు ఆ పొరనీ, తర్వాత మెత్తబడ్డ ఆకునీ గీరేస్తాయి. కొన్ని వారాలకు ఈనెలు మాత్రమే జల్లెడలా మిగులుతాయి. డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో పెట్టే ఎండు చెక్క), పాత స్పాంజ్ ఫిల్టర్ కూడా ఇలాంటి మేత బీళ్లే. పిల్లలున్నప్పుడు స్పాంజ్‌ను మరీ పిండి కడగకండి. వెనక గాజు, పక్క గాజులు కూడా తుడవకుండా వదిలేయండి. చూడ్డానికి ముందు గాజు ఒక్కటి శుభ్రంగా ఉంటే చాలు.

ఇందులో లోటు ఒక్కటే. పది ఓటోలకు సరిపోయే రాళ్లు యాభై బ్రిసిల్‌నోజ్ పిల్లలకు ఏ మూలకూ రావు. ఒక్క రాత్రిలో నున్నగా నాకేస్తాయి.

## కూరగాయలు

కీరా అందరూ ముందుగా వేసేది. అందులో 95 శాతం దాకా నీళ్లే. కీరాలాగే కనిపించే జుకినీలోనూ దాదాపు అంతే. కాబట్టి అవి కడుపు నింపి పేగు కదలడానికి పనికొస్తాయే తప్ప, వాటి మీదే పెరిగే పిల్ల నెమ్మదిగా, సన్నగా పెరుగుతుంది. అయినా వాటిని వదులుకోమని చెప్పను. రాత్రంతా గీరుకోవడానికి ఏదో ఒకటి అందుబాటులో ఉండటం ఈ వయసులో పెద్ద విషయం.

జుకినీని సెంటీమీటరు మందాన బిళ్లలుగా కోసి, మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో వేసి తీయండి. పాలకూరకు అర నిమిషం చాలు. బఠాణీలు ఉడికించి పైతొక్క తీసి చిదమాలి. గుమ్మడి, చిలగడదుంపల్లో బలం కాస్త ఎక్కువ, కానీ పిండిపదార్థం వల్ల నీళ్లు త్వరగా మసకబారతాయి, కాబట్టి చిన్న ముక్కలే వేయండి. దేన్నైనా బాగా కడిగి, తొక్క మీద మందుల అనుమానం ఉంటే చెక్కేసి పెట్టండి. ముక్క తేలకుండా స్టీలు ఫోర్కు గుచ్చి అడుగున పెట్టొచ్చు. ఓటోలకైతే గాజు మీద అవి తిరిగే ఎత్తులోనే క్లిప్పుతో నిలువుగా తగిలించండి. తొలిరోజే ముట్టకపోతే కంగారు పడకండి. కొత్త వాసనకు అలవాటు పడేదాకా రోజూ అదే చోట తాజా ముక్క పెడుతూ ఉండాలి.

24 గంటలు దాటిన ముక్క ట్యాంకులో ఉండకూడదు. నీళ్లు వెచ్చగా ఉంటే 12 గంటలకే తీసేయాలి. తీసే ముందు నీళ్లలోనే ఒకసారి నెమ్మదిగా ఆడించండి. ముక్క మధ్య గుజ్జులో బ్రిసిల్‌నోజ్ పిల్లలు దూరి ఉంటాయి. విత్తనాలు అనుకుని వాటితో సహా బయట పడేసే ప్రమాదం నిజంగా ఉంది.

## జెల్ మేత

ఏదైనా ఒక్కదాన్నే ఎంచుకోవాల్సి వస్తే బ్రిసిల్‌నోజ్ పిల్లలకు నేను దీన్నే ఎంచుకుంటాను. బలం ఉంటుంది, నీళ్లలో కరిగిపోదు, గీరడానికి వీలైన మెత్తదనం ఉంటుంది. మొదట చెప్పుకున్న అన్ని కొలతల్లోనూ పాసయ్యే మేత ఇదొక్కటే.

కొనే జెల్ మేత పొడి రూపంలో వస్తుంది. ప్యాకెట్ మీద రాసిన కొలతలో మరిగే నీళ్లు కలిపితే చల్లారేలోపు గట్టిపడుతుంది. గట్టిపడకముందే నున్నటి రాయి మీదో, డ్రిఫ్ట్‌వుడ్ ముక్క మీదో పల్చగా పూసి, ఆరాక అలాగే ట్యాంకులో దించొచ్చు. రాయి మీది నాచు తప్ప ఇంకేదీ ఎరగని ఓటోలను కొత్త మేతకు అలవాటు చేయడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

ఇంట్లో చేసుకునేవాళ్లు ఉడికించిన బఠాణీ, పాలకూర, కొంచెం స్పిరులినా పొడి (నాచు పొడిగా అమ్మే ఆకుపచ్చ పొడి) కలిపి మెత్తగా రుబ్బి, దాన్ని అగర్ అగర్‌తో (సముద్రపు నాచు నుంచి తీసే గడ్డకట్టే పదార్థం) గట్టిపరుస్తారు. జెలటిన్ కూడా వాడొచ్చు కానీ ఒక తేడా ఉంది. జెలటిన్ 30 డిగ్రీలు దాటితే సడలడం మొదలుపెడుతుంది. వెచ్చటి ట్యాంకులో అంచులు జారిపోయి నీళ్లలో కలుస్తాయి. అగర్ ఒకసారి గడ్డకట్టాక 85 డిగ్రీల దాకా కరగదు, కాబట్టి ట్యాంకు వేడికి దానికేమీ కాదు. కూరగాయల ముద్దను గోరువెచ్చగా చేసుకున్నాకే మరిగిన అగర్‌లో కలపండి. చల్లటి ముద్ద తగిలితే అగర్ అక్కడికక్కడే ఉండలు కట్టేస్తుంది. పల్చటి పలకలా పోసి, చిన్న చిన్న ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే రోజూ ఒక ముక్క తీసి వేయడమే పని.

## వేఫర్లు, పొడులు

వేఫర్ల సుఖం వేఫర్లదే. కానీ ప్యాకెట్ ముందువైపు నాచు బొమ్మ చూసి కొనకండి, వెనక్కి తిప్పి పదార్థాల వరుస చదవండి. సాధారణంగా ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. చేపపిండి, గోధుమపిండి ముందుండి స్పిరులినా ఎక్కడో చివర్లో ఉంటే అది నాచు వేఫర్ పేరుతో మామూలు మేతే. అందులో చెడేమీ లేదు, పిల్లల ఎదుగుదలకు ప్రొటీన్ కావాలి కూడా. అదే ప్రధాన ఆహారం అయితేనే కడుపులు ఉబ్బుతాయి, నీళ్లు పాడవుతాయి.

వేఫర్‌ను నాలుగు ముక్కలు చేసి ఒక్క ముక్కే వేయండి. మెత్తబడ్డ అంచునే పిల్లలు గీరగలవు కాబట్టి కాసేపు నానబెట్టి వేస్తే ఇంకా మేలు. మిగిలింది మర్నాడు పొద్దున్నే తీసేయాలి.

పొడిని నీళ్లపైన చల్లితే తేలుతుంది, ఫిల్టర్‌లోకి పోతుంది, అడుగున ఉన్న పిల్లకు దక్కేది చాలా తక్కువ. స్పిరులినా పొడిని రెండు చుక్కల నీళ్లతో ముద్ద చేసి రాయికి పూసి బాగా ఆరబెట్టి వేస్తే మాత్రం పనికొస్తుంది.

## మీది ఏ పరిస్థితి?

ఓటోలు కొత్తగా తెచ్చారు. రాళ్లు, ఆకులు ముందు సిద్ధం చేసుకుని తర్వాత చేపల్ని తెండి. ట్యాంకు మొదలుపెట్టి కనీసం కొన్ని నెలలైనా అవ్వాలి, కొత్త ట్యాంకులో అవి తినే పొరే ఉండదు. దుకాణంలో కడుపు లోపలికి పోయి ఉన్నవాటిని జాలితో కూడా తీసుకోకండి. వచ్చి వారమైనా అక్కడ ఉండి, నిండుగా కనిపించేవాటిలోంచి ఆరేడు కలిపి తెచ్చుకోండి, ఒంటరిగా ఉంటే బెదిరి తినవు. మొదటి రెండు వారాలు రాళ్లు, తర్వాత జెల్ పూసిన రాళ్లు, ఆపైన జుకినీ. వేఫర్ సంగతి చివరికి చూసుకోవచ్చు.

బ్రిసిల్‌నోజ్ గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాయి. కడుపు కింద పసుపు రంగు సొన సంచి కనిపిస్తున్నంతకాలం ఏమీ వేయకండి. వాటికి అదే తిండి, మీరు వేసేది కుళ్లుతుంది. సంచి కరిగి గుహలోంచి బయటికి చెదరడం మొదలైన రోజు నుంచి ఒక్క పూట కూడా ఖాళీ ఉండకూడదు. పగలు కూరగాయ, రాత్రికి జెల్, మధ్యలో ఆకులు. బ్రీడర్ పెట్టెలో (పిల్లల్ని విడిగా ఉంచడానికి ట్యాంకులో తగిలించే చిన్న పెట్టె) పెంచుతుంటే అందులో నీళ్లు పారేలా చూసుకోండి, లేకపోతే మిగిలిన మేత అక్కడే పేరుకుంటుంది. రోజూ 10 నుంచి 20 శాతం నీళ్లు, అంతే వేడివి, మార్చగలిగితేనే ఇంత మేత వేయడం క్షేమం. మార్చలేకపోతే మేత తగ్గించకుండా పిల్లల్ని రెండు చోట్లకు పంచండి.

వేరే చేపలతో కలిపి ఉన్నాయి. ఇక్కడ వేఫర్ చివరి ఎంపిక. గప్పీలు, బార్బ్‌లు దాన్ని నిమిషాల్లో చీల్చేస్తాయి. లైటు ఆపిన అరగంటకు, డ్రిఫ్ట్‌వుడ్ కింది వైపు జెల్ పూసి పెడితే రాత్రి తిరిగే ప్లెకో పిల్లలకు దక్కుతుంది. ఓటోలు పగలే మేస్తాయి కాబట్టి వాటికి ఈ కిటుకు సరిపోదు. మిగతా చేపలకు ఒక మూల మేత వేసి, అవి అక్కడ ఉండగా ఇంకో మూల రాయి దించండి.

పగలంతా ఇంట్లో ఉండరు. పొద్దున వేఫర్ వేసి వెళ్లకండి, సాయంత్రానికి అది బూజు ముద్ద అవుతుంది. ఆకులు, నాచు రాళ్లు పగటికి వదిలేసి, మీరు ఉండే వేళకు జెల్ గానీ కూరగాయ గానీ పెట్టుకోండి.

సయామీస్ ఆల్గీ ఈటర్. ఇందాక చెప్తానన్న టెన్షన్ ఇదే. దీనికి తిండి పెట్టడం తేలిక, నాచు తినేలా ఉంచడమే కష్టం. ఫ్లేక్స్ రుచి మరిగితే నాచు వైపు చూడటం మానేస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు జెల్, కూరగాయలతో సరిపెట్టి, ఫ్లేక్స్ మిగతా చేపలకు తగినంతే వేయండి. అలాగని పస్తు పెట్టి నాచు తినిపించాలని మాత్రం చూడకండి.

## ఎంపిక సరైందో కాదో కడుపే చెబుతుంది

వారానికి రెండుసార్లు, చేప గాజుకు అతుక్కున్నప్పుడు అవతలి నుంచి దాని కడుపు చూడండి. తల వెనక నుంచి రెక్కల దాకా పొట్ట కాస్త ఉబ్బెత్తుగా ఉంటే మేత అందుతున్నట్టు. చదునుగా ఉంటే చాలడం లేదు. గిన్నెలా లోపలికి పోయి, కళ్లు కూడా లోతుకు వెళ్లినట్టుంటే ఆ పిల్లను వెంటనే వేరే చిన్న ట్యాంకులో, నాచు పట్టిన రాళ్ల మధ్య ఉంచాలి. సన్నటి దారంలా మలం వస్తూ ఉండటం మంచి గుర్తు. పొట్ట బిర్రుగా ఉబ్బి మలం కనబడకపోతే వేఫర్లు, జెల్ ఆపి కొన్నాళ్లు కూరగాయలే పెట్టండి.

ఒక మేత నుంచి ఇంకోదానికి మారేటప్పుడు పాతది తీసేసి కొత్తది పెట్టడం ఓటోల విషయంలో చాలా ప్రమాదం. పాత రాయి పక్కనే కొత్త మేత పెట్టండి, రాయి అలాగే ఉంచండి. కొత్తదాన్ని గీరుతుండగా కళ్లారా చూసి, ఆ తర్వాత కూడా కడుపు నిండుగానే ఉందని తేలాకే రాళ్ల సంఖ్య ఒక్కొక్కటిగా తగ్గించండి.